ద్యుతీ చంద్: ఒకసారి గెలిచిన కేసు, ఇంకోసారి ఓడిన కేసు

కోనసీమలో ఆటలు అనగానే ఇప్పుడు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజే కదా. అతను 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో చేరాడు. ఆ తర్వాత కొద్దికాలానికే అదే అకాడమీకి ఒక ఒడిశా అమ్మాయి ప్రాక్టీసుకి వచ్చింది. చేతిలో రాకెట్ లేదు, ఆమె స్ప్రింటర్. ఈ ఎపిసోడ్ ఆమె గురించే.

ద్యుతీ చంద్‌ది జాజ్‌పూర్ జిల్లాలో చాకా గోపాల్‌పూర్ అనే పల్లెటూరు. చేనేత కుటుంబం, ఏడుగురు పిల్లలు. అక్క సరస్వతి కూడా రన్నరే. మనవాళ్లు గోదావరి గట్టు మీద పరిగెత్తినట్టే, వాళ్లు బ్రాహ్మణి నది ఒడ్డున చెప్పుల్లేకుండా పరిగెత్తేవారు.

2014 జూలైలో, గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌కి కొద్దిరోజుల ముందు ఆమెని టీమ్‌లోంచి తీసేశారు. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. కారణం డోపింగ్ కాదండి, చాలామంది ఇక్కడే కలిపేస్తారు. ఆమె శరీరం తనంతట తానే తయారుచేసుకునే టెస్టోస్టెరాన్, మహిళల విభాగానికి పెట్టిన పరిమితి కంటే ఎక్కువ ఉందన్నారు. పరుగెత్తాలంటే మందులతోనో ఆపరేషన్‌తోనో తగ్గించుకోవాలి. "నా ఒంట్లో పుట్టిందాన్ని నేనెందుకు మార్చుకోవాలి" అన్నదే ఆమె వాదన. స్విట్జర్లాండ్‌లోని క్రీడల కోర్టుకి వెళ్లింది. 2015 జూలైలో ఆ కోర్టు రూల్‌నే పక్కన పెట్టేసింది. ఒక పల్లెటూరి అమ్మాయి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మీద నెగ్గింది! ఆ కష్టకాలంలోనే గోపీచంద్ ఆమెకి తన అకాడమీలో చోటిచ్చారు.

తర్వాత బండి ఆగలేదు. 2016లో అల్మాటీలో 11.24 సెకన్లు, దాంతో రియో ఒలింపిక్స్ టికెట్. మహిళల 100 మీటర్లలో మన దేశం నుంచి 1980లో పీటీ ఉష వెళ్లాక మళ్లీ వెళ్లింది ఈమే. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో 100లో వెండి, 200లో వెండి. 2021లో పటియాలాలో 11.17, జాతీయ రికార్డు.

ఇక 2022 డిసెంబర్. 5న ఒకసారి, 26న ఒకసారి భువనేశ్వర్‌లో శాంపిల్ తీసుకున్నారు. పోటీలేమీ లేని టైమ్‌లో, చెప్పకుండా వచ్చి చేసే టెస్టులివి. రెండింట్లోనూ ఆండరీన్, ఓస్టరీన్, లిగాండ్రోల్ లాంటివి దొరికాయి. వీటిని సార్మ్స్ అంటారు. టెస్టోస్టెరాన్ ఏ తాళం తిప్పి కండ పెంచుతుందో, ఆ తాళానికి ల్యాబ్‌లో చేసిన మారు తాళంచెవి అన్నమాట. కండ కరిగిపోయే రోగులకి పనికొస్తాయని ప్రయోగాలు చేశారు గానీ, అమెరికా ఎఫ్‌డీఏ వీటిని మందుగా ఆమోదించలేదు. పైగా కాలేయం దెబ్బతినొచ్చు, గుండెపోటు రావొచ్చు అని హెచ్చరించింది. అయినా ఆన్‌లైన్‌లో జిమ్ సప్లిమెంట్ల పేరుతో తిరుగుతూనే ఉన్నాయి. మన దగ్గర కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం పొద్దున్నే 1600 మీటర్లు కొట్టే కుర్రాళ్లు ఈ ముక్క కాస్త వినండి. డబ్బా మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటే అని ఎవరూ పూచీ ఇవ్వరు.

తెలిసి తీసుకోలేదు అన్నది ద్యుతీ వాదన. కానీ డోపింగ్ చట్టం మామూలు కోర్టులా ఉండదు. నీ ఒంట్లో దొరికితే బాధ్యత నీదే. ఇలాంటి మందుల విషయంలో, కావాలని వాడలేదని రుజువు చేసుకోవాల్సిందీ నువ్వే. లేకపోతే నాలుగేళ్లు. 2011లో అశ్విని అక్కుంజి వాళ్ల రిలే అమ్మాయిలు దొరికినప్పుడు, కోచ్ చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్ వల్లే అన్నారు. ఇక్కడ ఏడాది నిషేధం వేస్తే, క్రీడల కోర్టు దాన్ని రెండేళ్లు చేసింది. కఠినమే, కాదనను. కానీ "నాకు తెలీదు" అన్నమాట ఒప్పుకుంటే రేపట్నుంచి అందరూ అదే అంటారు కదా.

అయితే నాకు అసలు బాధ కలిగించేది నిషేధం కాదండి. 2014లో ఆమెని అనుమానించినవాళ్లకి "చూశారా, అప్పుడే చెప్పాం" అనే సందు దొరికింది. మొదటి కేసు ఒంట్లో పుట్టినదాని గురించి, రెండోది బయట్నుంచి లోపలికి పోయినదాని గురించి. రెండింటికీ సంబంధమే లేదు. కానీ ఫోన్‌లో రెండు లైన్ల వార్త చదివేవాడికి ఆ తేడా ఎవరు చెప్తారు?

టెస్టు అంటే దొంగల్ని పట్టడానికే అనుకుంటాం. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. 2020 జనవరిలో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి రికార్డు 13.38, అదీ 2002 నాటిది. అయినా లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ డోప్ టెస్టు జరగలేదు, ఫెడరేషన్ తరఫు టెక్నికల్ అధికారీ లేరు. టెస్టు చేయకపోవడం ఆమె తప్పా? చివరికి 2022 మేలో సైప్రస్‌లో 13.23కి రికార్డు ఆమె పేరు మీదకొచ్చింది. అంటే రెండేళ్ల కిందటి కంటే నెమ్మదైన పరుగుకి!

2023లో ఒక్క ఏడాదే భారత్‌లో 5,600 పైచిలుకు శాంపిళ్లు పరీక్షిస్తే 200 పైన పాజిటివ్ వచ్చాయి. ఏ మందులో ఏముందో చూసుకోవడానికి నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్ ఉంది, జలుబు బిళ్లకి కూడా పనికొస్తుంది.

ద్యుతీ నిషేధం 2023 జనవరి 3 నుంచి మొదలైంది. 2022 డిసెంబర్ 5 తర్వాతి ఫలితాలు కొట్టేశారు. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్, పారిస్ ఒలింపిక్స్ రెండూ ఆమె లేకుండానే అయిపోయాయి. నిషేధం 2027 జనవరి మొదటివారంతో తీరుతుంది, ఫిబ్రవరిలో ఆమెకి ముప్పై ఒకటి నిండుతాయి. పటియాలాలో కొట్టిన 11.17ని మాత్రం ఎవరూ కొట్టేయలేదు, అది నిషేధానికి ముందుది.