నేమ్‌ప్లేట్ కింద దాగిన పచ్చరంగు

పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్లలో బెర్లిన్‌లో డీస్‌బాఖ్ అనే రంగుల తయారీదారు ఉండేవాడు. ఒకసారి కోచినీల్ పురుగుల నుంచి ఎర్రరంగు తీద్దామని కూర్చున్నాడు. పొటాష్ చాలక డిప్పెల్ అనే రసవాది దగ్గర తెచ్చుకున్నాడట. అందులో అప్పటికే జంతువుల నూనె కలిసి ఉంది. ఎరుపు రావలసిన పాత్రలో చిక్కటి నీలం తేలింది. అదే ప్రష్యన్ బ్లూ. ఆ తర్వాత 1797లో పారిస్‌లో వోక్లాన్ అనే శాస్త్రవేత్త, సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి సీసపు ఖనిజాన్ని పరీక్షిస్తూ క్రోమియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నాడు. దాని నుంచి క్రోమ్ ఎల్లో పుట్టింది. ఆ పసుపునూ ఈ నీలాన్నీ కలిపి పంతొమ్మిదో శతాబ్దపు రంగుల వ్యాపారులు ఒక ముదురు పచ్చను చేసి అమ్మారు. ఇంగ్లండులో దాని పేరు బ్రన్స్‌విక్ గ్రీన్.

ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో డర్స్‌లీ అనే చిన్న ఊరుంది. 1867లో అక్కడ మొదలైన లిస్టర్ కంపెనీ తన ఇంజన్లకు ఈ పచ్చనే వేసింది. 1926లో వచ్చిన దాని ‘డి’ రకం ఇంజన్ శక్తి ఒకటిన్నర గుర్రాలే. అయినా నీళ్లు తోడింది, పాలు పితికే యంత్రాలను తిప్పింది, పశువుల మేత కోసింది. లిస్టర్ డీజిల్ ఇంజన్లు మన దేశానికీ వచ్చాయి. వాటి నమూనాతోనే రాజ్‌కోట్‌లో ఇంజన్లు తయారయ్యాయి. చేలగట్టున ఆయిల్ ఇంజన్ చప్పుడు విన్నవాళ్లకు ఆ కుటుంబం కొత్తేమీ కాదు.

కరెంటు మోటార్లు వచ్చాక ఈ ఇంజన్లు పాకల మూలలకు చేరాయి. కొన్నేళ్లకు ఔత్సాహికులు వాటిని వెతికి పట్టి మళ్లీ నడిపించడం మొదలుపెట్టారు. పిస్టన్ రింగులు దొరికాయి, మాగ్నెటో బాగుపడింది. చిక్కల్లా రంగు దగ్గరే వచ్చింది. గ్రీజూ మసీ పట్టిన ఆ ఇనుము మీద, మధ్యలో ఎవరెవరో పూసిన రంగుల అడుగున, ఫ్యాక్టరీ వేసిన పచ్చ ఏది?

మొదట జ్ఞాపకాన్ని నమ్మారు. ఒకే ఇంజన్‌ను చూసిన ఇద్దరు ముసలివాళ్లు రెండు వేర్వేరు పచ్చలు చెప్పారు. పాత ఫొటోలు తిరగేస్తే అన్నీ నలుపు తెలుపే. పోనీ, జిడ్డు వదిలిస్తే అసలు రంగు బయటపడుతుందని కొందరు కాస్టిక్ సోడా నీళ్లతో కడిగారు. పచ్చ పోయి గోధుమరంగు మిగిలింది. ఎందుకంటే ప్రష్యన్ బ్లూ క్షారానికి తట్టుకోలేదు. నీలం విరిగిపోయి అందులోని ఇనుము తుప్పులా తేలుతుంది. సాక్ష్యం కోసం వెతికిన చేతులే సాక్ష్యాన్ని చెరిపేశాయి. కంటికి కనిపించే చోట రంగును యథాతథంగా తీసుకున్నవాళ్లూ మోసపోయారు. ఎండకు నీలం వెలుస్తుంది, క్రోమ్ పసుపు నల్లబడుతుంది. రెండూ కలిసి అసలు లేని ఆలివ్ రంగును చూపిస్తాయి.

దారి దొరికింది వెలుగు చేరని చోట. ఇత్తడి నేమ్‌ప్లేట్ విప్పితే దాని కింద చేతి వెడల్పంత మెరిసే పచ్చ! పలకను రంగుకు ముందే బిగించి ఉంటే మాత్రం అక్కడ ఒట్టి ఇనుమే ఉంటుంది. అప్పుడు మాగ్నెటో కూర్చునే పీట కింద, పెట్రోలు ట్యాంకు పట్టీ వెనక చూడాలి. ఏదీ లేకపోతే చదునైన చోట వాటర్ పేపర్‌తో, తడి ఆరనివ్వకుండా, రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దుతారు. క్రోమ్ ఎల్లోలో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్దకూడదు, ఆ దుమ్ము విషం. ఉల్లిపొరల్లా ఒక్కో రంగూ వలయంగా బయటపడుతుంది. లోపలి బూడిదరంగు ప్రైమరో లప్పమో అయి ఉంటుంది. భూతద్దం పట్టి చూస్తే కొన్ని పొరల మధ్య సన్నని మురికి గీత కనిపిస్తుంది. ఆ గీత కింది పొర కొంతకాలం పైరంగుగా బతికిందన్నమాట. ప్రైమర్ మీద నేరుగా కూర్చుని, తన నెత్తిన మొదటి మురికి గీతను మోస్తున్న పొరే ఫ్యాక్టరీ రంగు. నాకు ఈ పనంతటిలో గొప్పగా తోచేది ఇదే. ఎవరూ లెక్కచేయని మురికే చివరకు సాక్షి అయింది.

అక్కడా ఒక మెలిక ఉంది. ఆ రంగును కలిపింది అవిసె నూనెలో. చీకట్లో ఉన్న అవిసె నూనె పసుపెక్కుతుంది. పలక కింది పచ్చను చూసిన వెంటనే నకలు చేస్తే కాస్త పసుపు ఎక్కువే వస్తుంది. పురాతన భవనాల రంగులు పరిశోధించేవారికి దీని విరుగుడు తెలుసు: కొన్నాళ్లు వెలుతురు తగలనిస్తే ఆ పసుపు చాలావరకు విరిగిపోతుంది.

ఇక కంటికి కనిపించినదాన్ని పేరుగా మార్చాలి. బోస్టన్ చిత్రకారుడు మన్సెల్ 1905లోనే రంగును వర్ణం, వెలుగు, గాఢత అనే మూడు కొలతలతో చెప్పే పద్ధతి ప్రచురించాడు. బ్రిటన్ ప్రామాణిక రంగుల పట్టీ బి.ఎస్. 381సి లో లేత, మధ్యస్థ, ముదురు బ్రన్స్‌విక్ పచ్చలకు 225, 226, 227 అని వరుస సంఖ్యలున్నాయి. ఇప్పుడు స్పెక్ట్రోఫోటోమీటర్ చిన్న మచ్చను కూడా చదివేస్తుంది. అయితే శుభ్రమైన, ఎండ తినని మచ్చను వెతికి చూపించాల్సింది మనిషే.

మీ పెరట్లోనో మిల్లులోనో పాత ఇంజన్ ఉంటే శాండ్‌బ్లాస్టింగ్‌కు పంపేముందు నేమ్‌ప్లేట్ ఒక్కసారి విప్పి చూడండి. రంగు దొరికితే అరచేయంత మేర అలాగే వదిలి, మిగతాదానికి కొత్తది వేయించండి.