డేలిలీ: ఒక్క పగటి పేరు

డేలిలీకి వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో గ్రంథస్థం చేసిన పేరు హెమెరోకాలిస్. గ్రీకులో ‘హెమెరా’ అంటే పగలు, ‘కల్లోస్’ అంటే అందం. పొద్దున విచ్చిన పువ్వు మర్నాటికి మెత్తబడి ముడుచుకుపోతుంది కనుక పేరు అతికినట్టుంది. లిలీ అన్నది మాత్రం అరువు సొమ్ము. అసలు లిలీకి ఉల్లిలాంటి గడ్డ ఉంటుంది, దీనికి కండపట్టిన వేర్లే.

మళ్లీమళ్లీ పూసే రకాలొచ్చాక ఈ పేరు చెల్లదనవచ్చు. 1975లో అమెరికాలో వాల్టర్ జాబ్లన్‌స్కీ నమోదు చేసిన ‘స్టెల్లా డి ఓరో’ వేసవి పొడవునా పూస్తుంది కదా! అక్కడా పువ్వు ఆయుష్షు ఒక్కరోజే; పాత కాడ మొగ్గలు అయిపోయాక కొత్త కాడ లేస్తుంది, అంతే. పేరు పువ్వుది, మొక్కది కాదు. పెరట్లో ఆ కొత్త కాడ లేవాలంటే మంచి ఎండ, ఆరని తడి ఉండాలి, కొన్నేళ్లకోసారి గుబురు విడదీసి నాటాలి.