నోరు మూసికొన్న తిమింగిలం: భరుకచ్ఛ తీరపు బౌద్ధస్మృతి

సముద్రంలోని అతిపెద్ద ప్రాణిని తెలుగువారు తిమింగలం అంటారు. తిమి అనే పెద్దచేపను మింగేది తిమింగిలం, దానికన్నా పెద్దది తిమితిమింగిలం అని ప్రాచీనుల భావన. ఉదానంలోని ఉపోసథ సుత్తంలోను, అంగుత్తర నికాయం అష్టక నిపాతంలోని పహారాద సుత్తంలోను మహాసముద్రానికి ఎనిమిది అద్భుత లక్షణాలు చెప్పబడినవి. తిమి, తిమింగిల, తిమితిమింగిలాది మహాప్రాణులకు నివాసం కావడం వాటిలో ఎనిమిదవది. స్రోతాపన్నుడు మొదలుకొని అర్హతుని వరకు గల మహనీయులకు ధర్మవినయం నివాసమైనట్లే సముద్రం ఈ ప్రాణులకు నివాసమని అక్కడి ఉపమానం. భిక్షువులు వల్లించిన ఆ పేరే నేడు మన బడిపిల్లల వాచకాలలో ఉన్నది.

సూరత్ నగరంలో ఈ సంగతి మరింత స్పష్టంగా తెలుస్తుంది. తెలంగాణ జిల్లాల నుండి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల పరిశ్రమలో తరాలుగా ఉన్నవి. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. ఆ పిల్లలు తెలుగు వాచకంలో తిమింగలం అని చదువుతారు, వీధిలో గుజరాతీ స్నేహితుల నోట వ్హేల్ అని వింటారు. ఆ నగరానికి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో నర్మదానది ఒడ్డున ఉన్న భరూచ్, జాతక కథలలోని భరుకచ్ఛం. తిమింగిలాన్ని గూర్చిన బౌద్ధస్మృతిని పరిశీలించడానికి ఇంతకన్నా తగిన తీరం లేదు.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ ఈ రేవును బారిగాజా అన్నది. ఖంభాత్ అఖాతంలోని ఇసుకమేటలను, ఒక్కసారిగా విరుచుకుపడే పోటునీటిని అది భయంతో వర్ణించింది. రాజు కొలువులోని స్థానిక జాలరులు పడవలలో ఎదురేగి, పరదేశపు ఓడలకు దారి చూపి రేవుకు చేర్చేవారని కూడా చెప్పింది. రేవు ప్రవేశమార్గం వద్ద అది పేర్కొన్న కమ్మోని గ్రామాన్ని తాపీనది ఒడ్డున సూరత్ జిల్లాలోని కామ్రేజ్‌గా పలువురు పండితులు గుర్తించారు.

ఈ మార్గదర్శకుల వృత్తే సుప్పారక జాతకానికి (463వ జాతకం) ప్రాణం. భరుకచ్ఛంలో నావికశ్రేణి పెద్ద కుమారుడుగా జన్మించిన బోధిసత్త్వుడు ఉప్పునీటి వలన చూపు కోల్పోతాడు. అయినా వర్తకుల ప్రార్థనపై ఓడ నడపడానికి అంగీకరిస్తాడు. గాలివానకు దారితప్పిన ఓడ ఖురమాల సముద్రం చేరుతుంది. అక్కడ మనుష్యదేహము, మంగలికత్తివంటి ముక్కు గల చేపలు మునుగుతూ తేలుతూ కనబడతాయి. చూపున్నవారు భయపడి అడుగుతారు; చూపు లేనివాడు ఆ సముద్రం పేరు చెబుతాడు. చివరకు ఓడ వలభాముఖమనే ఘోరమైన సుడిని సమీపించినప్పుడు అతడు సత్యక్రియ చేస్తాడు. తనకు ఊహ తెలిసినది మొదలు ఒక్క ప్రాణినైనను తెలిసి హింసించలేదన్నదే ఆ సత్యం. ఆ బలంతో ఓడ భరుకచ్ఛానికి తిరిగివస్తుంది. ఆర్యశూరుడు తన సంస్కృత జాతకమాలలో ఈ కథను మళ్లీ చెప్పాడు.

ఈ కథలో చేపలు భయహేతువులే. శిల్పంలో కూడా మొదట కనిపించేది భయమే. 1873-74లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వెలికితీసిన భార్హుత్ స్తూపవేదిక నేడు కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నది. క్రీ.పూ. 2-1 శతాబ్దాలకు చెందిన ఆ వేదికపై ఒక వృత్తఫలకంలో మహామత్స్యం నోరు తెరచి ఉంటుంది. నీటితోపాటు మనుషులతో నిండిన పడవ ఆ నోటిలోనికి జారుతూ ఉంటుంది. తిమితిమింగిలం కుక్షి నుండి వసుగుప్తుని మహాదేవుడు విడిపించెనని దానిపై బ్రాహ్మీలిపిలో చెక్కి ఉన్నది. ఇక్కడి మహాదేవుడు బుద్ధుడేనని పండితుల వ్యాఖ్య.

ఇదేవిధమైన ఘట్టాన్ని దివ్యావదానంలోని ధర్మరుచ్యవదానం విస్తారంగా చెప్పింది. తిమింగిలం నోటివైపు ఓడ కొట్టుకొనిపోతున్నది. వర్తకులు ఎవరి దేవతలను వారు పిలిచారు; ఫలం లేదు. వారిలో ఒక ఉపాసకుని మాటపై అందరూ ఒక్కగొంతుతో బుద్ధునికి నమస్కరించారు. ఆ నామం తిమింగిలం చెవిన పడినది. లోకంలో బుద్ధుడు ఉదయించిన వేళ ఆహారం కోసం ఈ ప్రాణులను మింగడం తగదని అది తలచినది. ఒక్కసారిగా నోరు మూస్తే వెనుకకు తన్నే నీటివేగానికి ఓడ బద్దలై అనేకులు మరణిస్తారని గ్రహించి, మెల్లమెల్లగా నోరు మూసికొన్నది. ఓడ బయటపడినది. తిమింగిలం ఆకలితో మరణించి, శ్రావస్తిలో ఒక బ్రాహ్మణ గృహంలో జన్మించి, ధర్మరుచి అనే భిక్షువైనది. ఎంత తిన్నా తీరని ఆకలి ఆ జన్మలోనూ వెంట వచ్చినది. ఒకనాడు బుద్ధుడు అతనిని సముద్రతీరానికి తీసుకొనిపోయి ఒక మహా అస్థిపంజరాన్ని చూపాడు. అది అతని పూర్వదేహమే. దానిని ధ్యానిస్తూ ధర్మరుచి అర్హతుడైనాడు.

భార్హుత్ ఫలకాన్ని ప్రమాదచిత్రంగా మాత్రమే వివరించే అలవాటు మనలో ఉన్నది. ఫలకం చూపేది తెరచిన నోరు. అవదానం చెప్పేది మూసికొన్న నోరు. ఈ రెండింటినీ కలిపి చూడనిదే బౌద్ధుల తిమింగిలం మనకు పూర్తిగా అర్థం కాదు. రక్షకుడు బుద్ధుడే అయినా, ఆకలిని భరించి నిగ్రహించినది ఆ ప్రాణి. ఓడకు తన కదలిక వలన కలుగబోయే హానిని సైతం అది లెక్కించినది. దయ కలిగితే చాలదు, ఆ దయను ఎట్లు ఆచరించాలో కూడా ఎరుగవలెనని కథకుని అభిప్రాయం.

ఇక్కడ పరిశోధకులు ఒక జాగ్రత్త పాటించాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో కనబడే మకరం వేరు, తిమింగిలం వేరు. మొసలి దవడలు, మెలితిరిగిన తొండం, చేపతోక కలిసిన మకరం అలంకారానికి, సమృద్ధికి చిహ్నం; దాని నోటినుండి లతలు, హారాలు వెలువడుతాయి. తిమింగిలం నోరు లోనికి లాగుతుంది, మకరం నోరు బయటికి ఇస్తుంది. అట్లే భార్హుత్ శిల్పిని జంతుశాస్త్రజ్ఞునిగా భావించరాదు. అతని మహామత్స్యానికి పళ్లున్న దవడలు, పొలుసులు ఉన్నవి. నావికుల మాటలు విని చెక్కిన రూపమది.

వాస్తవంలోని మహాకాయులు ఇందుకు భిన్నం. గుజరాత్ తీరానికి వచ్చే తిమింగల సొర 18 మీటర్ల వరకు పెరిగే ప్రపంచపు అతిపెద్ద చేప, తిమింగలం కాదు. విశాలమైన నోటితో అది వడకట్టి తినేది సూక్ష్మజీవులను, చిన్నచేపలను. మనిషిని మింగగల గొంతు దానికి లేదు. మింగినవాడు మనిషే. కాలేయపు నూనె కోసం, మాంసం కోసం, రెక్కల కోసం సౌరాష్ట్ర తీరంలో దానిని వేటాడేవారు. గాలానికి పీపాలు కట్టి పట్టడం వలన అక్కడి జాలరులు దానిని బ్యారల్ అనే పిలిచేవారు. మైక్ పాండే తీసిన షోర్స్ ఆఫ్ సైలెన్స్ అనే చిత్రం ఈ వేటను లోకానికి చూపినది. 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దానికి స్థానం లభించినది.

అసలు తిమింగలాల గతి మరింత విషాదకరం. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్ తిమింగలాలు ధ్రువప్రాంతాలకు వలసపోక ఇక్కడే ఉండే ప్రత్యేక సంతతి. దాదాపు 70,000 సంవత్సరాలుగా అవి వేరుపడి ఉన్నవని జన్యుపరిశోధన సూచించినది. 1966లో సోవియట్ వేటనౌకలు ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల వద్ద 242 హంప్‌బ్యాక్‌లను చట్టవిరుద్ధంగా చంపినవి. ఆ సంగతి బయటపడినది దశాబ్దాల తరువాతనే. ఒమన్ తీరంలో మిగిలినవి నూరుకు లోపేనని అంచనా. భరుకచ్ఛపు ఓడలు తిరిగిన సముద్రమే ఇది.

అయితే ఈ తీరంలో మరొక మార్పు కూడా జరిగినది. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ఒక ఉద్యమం ప్రారంభించాయి. కథావాచకుడు మొరారి బాపు తిమింగల సొరను కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చాడు. బ్యారల్ అనే పేరు పోయి వ్హాలీ, అనగా ప్రియమైనది, అనే పేరు వచ్చినది. వలలో చిక్కిన సొరను విడిచిపెట్టడానికి జాలరులు తమ వలలను తామే కోసివేశారు. కోసిన వలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చినది. ఆ విధంగా వందలాది సొరలు తిరిగి సముద్రాన్ని చేరినవి.

వల కోసిన జాలరి అవదానాన్ని చదివి ఉండడు. కాని చేతికందిన దానిని విడిచిపెట్టడం, విడిచేటప్పుడు దానికి గాయం కాకుండ చూడడం అతడు నేర్చినాడు. రెండువేల యేండ్ల నాడు ఓడ తిమింగిలం నోట ఉండినది. నేడు తిమింగిలం మన వలలో ఉన్నది. తీరాన పడిన మహాకళేబరం గూర్చిన వార్త వచ్చినప్పుడు మనం వేడుక చూడకుండ, ధర్మరుచి నిలిచిన చోట నిలిచి చూడవలెను. సుప్పారకుని ఓడను కాపాడిన సత్యం ఒక్క ప్రాణినైనను హింసించలేదన్నది. ఆ మాట పలుకగల అర్హతను ఈ సముద్రతీరం మెల్లమెల్లగా తిరిగి సంపాదించుకొంటున్నది.