కనుమ దారి, వెనక సీటు, శరత్కాలం

అప్పటివరకు కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో కలిసిన చాట్రాయి మండలం నూజివీడు మామిడి నేలకు ఉత్తరపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉంది. ఇక్కడి రైతుకు ఏడాదిలో తీరిక దొరికే కాలాన్ని నిర్ణయించేది మామిడి చెట్టే. జూన్ చివరికి రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయల కోత ముగుస్తుంది. తొలకరి తరువాత తోట దున్ని, ఎండు కొమ్మలు తీసి, ఎరువు వేస్తారు. ఆశ్వయుజ కార్తీకాలు వచ్చేసరికి కొత్త చిగుళ్లు ముదిరి చెట్టు విశ్రాంతిలోకి వెళుతుంది. పూత బాగా రావాలంటే ఆ రోజుల్లో నీరు కూడా కట్టకూడదు గనుక, డిసెంబరులో పూత కనిపించే వరకు తోటలో రైతుకు పెద్దగా పని ఉండదు. ఈ తీరికలో భార్యనో స్నేహితుణ్ణో వెనక కూర్చోబెట్టుకొని, మోటార్‌సైకిలు మీద తూర్పు కనుమల్లో నాలుగు రోజులు తిరిగి రావడం ఇప్పుడు మామూలు ఆలోచన. అయితే ఈ ఆలోచనలోని మూడు భాగాల వయసు ఒకటి కాదు: శరత్తులో ప్రయాణానికి బయలుదేరడం రెండు వేల ఏళ్లకు పైబడిన అలవాటు, కనుమ దాటించే బండి బాట సుమారు ఒక శతాబ్దపు నిర్మాణం, వెనక కూర్చున్న మనిషికి సరైన చోటు దొరకడం నిన్నమొన్నటి మాట.

వాన వెలిసిన తరువాతే దారి పట్టాలన్న నియమానికి ఈ ప్రాంతంలో కనిపించే పాత సాక్ష్యం చాట్రాయికి తూర్పున, చింతలపూడి దాటి కామవరపుకోట సమీపంలో ఉన్న గుంటుపల్లి కొండ. క్రీస్తు పూర్వపు శతాబ్దాలలోనే ఇక్కడ రాతిని తొలిచి చైత్యాన్ని, విహారాలను నిర్మించారు. బౌద్ధ భిక్షువులు వర్షావాసం పాటించేవారు, అంటే వానకాలంలో మూడు నెలలపాటు సంచారం మాని ఒకే చోట నిలిచి ఉండేవారు. ఆ దీక్ష ముగిసేది సరిగ్గా శరత్తులో, దారులు ఆరిన తరువాత. కళింగ మహిషక దేశాల ప్రభువుగా తనను చెప్పుకొన్న మహామేఘవాహన వంశీకుడు సిరిసద పేరు గల స్తంభ శాసనం గుంటుపల్లిలో దొరకడం వల్ల, వేంగి ప్రాంతానికీ కళింగానికీ నడుమ రాకపోకలు అప్పటికే సాగుతున్నాయని తెలుస్తున్నది.

రాజులకు కూడా ఇదే కాలం కదలిక కాలం. కాళిదాసు రఘువంశం నాలుగవ సర్గలో రఘువు దిగ్విజయ యాత్రకు బయలుదేరేది శరత్తులోనే, అతడు గెలిచిన కళింగంలోని మహేంద్రగిరి తూర్పు కనుమలలోనిదే. విజయదశమినాడు సీమోల్లంఘనం, అనగా ఊరి పొలిమేరను లాంఛనంగా దాటి రావడం, దక్కనులో చాలాకాలం నిలిచిన ఆచారం. ఆయుధ పూజనాడు నేడు మోటార్‌సైకిలుకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచడం ఆ పరంపరలోనిదే. వర్తకుల లెక్కా అంతే. తీరపు ఉప్పును ఎద్దుల మీద వేసుకొని బస్తరు వైపు వెళ్లే లంబాడీల బిడారులు వాగులు తగ్గి, మేత ఇంకా పచ్చగా ఉన్న కాలాన్ని చూసుకొని కదిలేవి. తిరుగు ప్రయాణంలో అడవి సరుకు, ధాన్యం దించుకొనేవి. పెరికల ఎద్దుకు కాలు మోపే చోటు చాలు, చక్రానికి చాలదు; కనుమల చరిత్రలో పెద్ద మలుపు ఈ తేడా దగ్గరే వచ్చింది.

చాట్రాయి నుంచి కొండలు చూపుకు దూరం కాకపోయినా ప్రయాణానికి చాలాకాలం దూరంగానే ఉండిపోయాయి. ఉత్తరాన సత్తుపల్లి వైపు అడుగు వేస్తే 1948 వరకు నిజాము రాజ్యం. సరిహద్దులో కరోడ్‌గిరి, అంటే నిజాము సుంకపు శాఖ, సరుకు సోదా చేసేది, అటువైపు చెల్లే నాణెం హాలీ సిక్కా. ఆ రాజ్యపు నేల దాటి గోదావరి చేరితే, అవతలి గట్టున భద్రాచలం తాలూకా మళ్లీ మద్రాసు రాష్ట్రంలోనిది. 1959లో అది ఖమ్మం జిల్లాకు మారింది, 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఈ కారణంగా నేటికీ చాట్రాయి నుంచి సత్తుపల్లి, భద్రాచలం మీదుగా చింతూరు వెళ్లేవారు ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణలోకి, తెలంగాణ నుంచి తిరిగి ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తారు. సరిహద్దుకన్నా గట్టి అడ్డు నది. భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన 1965లో, రాజమండ్రి కొవ్వూరుల నడుమ రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు బండిని పడవ మీదకు ఎక్కించవలసిందే. వరద తగ్గని ఆశ్వయుజంలో అది ఇద్దరు మనుషులు సరదాగా పెట్టుకొనే పని కాదు.

కనుమ దారుల విషయం ఇంకా లోతుగా చూడవలసినది, ఎందుకంటే వాటిని ఎవరూ విహారం కోసం వేయలేదు. గోదావరి, విశాఖ జిల్లాల కొండ ప్రాంతంలో ముఠాదారీ అనే ఏర్పాటు ఉండేది: కొన్ని గూడేల సముదాయం ముఠా, దాని మీద శిస్తు వసూలు చేసి శాంతిభద్రతలు చూసే స్థానిక నాయకుడు ముఠాదారు. కల్లు మీద వేసిన చిగురు పన్ను, ఆబ్కారీ కాంట్రాక్టర్ల దౌర్జన్యం, రంప సీమ భూస్వామి అయిన మన్సబుదారు వసూళ్లు భరించలేక 1879 మార్చిలో రంపచోడవరం ప్రాంతపు కొండజనం తిరగబడ్డారు. ద్వారబందాల చంద్రారెడ్డి, కారం తమ్మన్నదొర వంటివారు నడిపిన ఆ పితూరీని అణచడానికి మద్రాసు ప్రభుత్వం పెద్ద సైన్యాన్ని పంపినా, దారి లేని అడవిలో, మన్యపు జ్వరాల నడుమ అది నెలల తరబడి ఇబ్బంది పడింది. కొండల్లోకి బాట లేకపోతే అధికారం కూడా లేదన్నది పాలకులు ఆ అనుభవం నుంచి గ్రహించిన పాఠం. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, అంటే కొండవాలున పొదలు నరికి కాల్చి చేసే సేద్యం మీద ఆంక్షలు బిగుసుకున్నాయి. కలపను కిందికి దించడానికీ, పోలీసులను పైకి ఎక్కించడానికీ బాట అవసరం మరింత పెరిగింది.

ఆ బాటలను కొట్టినది కొండవాసుల చేతులే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కే దారి పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిని బలవంతంగా దింపి, న్యాయమైన కూలి చెల్లించక, ఎదురు తిరిగినవారిని హింసించాడన్నది 1922 నాటి రంప తిరుగుబాటు కారణాలలో చరిత్రకారులందరూ చెప్పేది. ఆ తిరుగుబాటును నడిపిన అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు కూడా భూముల విషయంలో అదే అధికారి వల్ల నష్టపోయినవారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగి తుపాకులు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. వెంటపడిన బలగాలలోని ఇద్దరు తెల్ల అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మరణించారు. ఇరుకు బాటలో ఒకరి వెనక ఒకరుగా నడుస్తున్న దళంలో ముందు సాగిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, అధికారుల మీదే గురిపెట్టడం కనుమ స్వరూపాన్ని ఎరిగినవారు మాత్రమే చేయగలిగిన పని. అది ఆశ్వయుజ మాసం మొదలైన మూడు నాలుగు రోజులకే జరిగింది. నేడు యాత్రికులు పచ్చదనం కోసం ఎదురుచూసే ఆ రోజులే ఆనాడు యుద్ధపు రోజులు. మలబారు స్పెషల్ పోలీసు, అస్సాం రైఫిల్స్ దళాలు వచ్చిన తరువాత 1924 మే 7న కొయ్యూరు వద్ద సీతారామరాజును కాల్చి చంపారు. మల్లుదొర మాత్రం జైలు నుంచి బయటపడి, 1952 ఎన్నికలలో లోక్‌సభకు చేరాడు. లంబసింగి దారి వంపులను ఇంజనీర్ల పనితనంగా మాత్రమే మెచ్చుకోవడం ఈ చరిత్రకు అన్యాయం చేయడమే.

ఆ కాలంలోనే కొండ మీద మరో మార్పు మొదలైంది. మారేడుమిల్లి వద్ద పాములేరు లోయలో 1898లో కాఫీ మొక్కలు నాటారు. స్వాతంత్ర్యానంతరం ఆ పంట అరకు, పాడేరు, చింతపల్లి వైపు విస్తరించి, 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. కలప లారీలు, కాఫీ గింజలు, జీపులు తిరిగిన దారుల మీదనే తరువాతి తరం మోటార్‌సైకిళ్లు ఎక్కాయి.

మోటార్‌సైకిలు పుట్టినప్పుడు అది ఒంటరి మనిషి వాహనం. 1885లో జర్మనీలో డైమ్లర్ తయారు చేసిన తొలి నమూనాకు ఒకే జీను ఉండేది. తరువాతి దశాబ్దాలలో వెనక కూర్చునేవారికి మడ్‌గార్డు మీద బిగించిన చిన్న దిండే ఆధారం. ఇద్దరి పొడవాటి ప్రయాణాలలో జగమెరిగినది 1952లో అల్బెర్తో గ్రనాదో, చే గువేరా దక్షిణ అమెరికాలో 500 సీసీ నార్టన్ మీద సాగించినది. సామాను, ఇద్దరి బరువు మోస్తూ కొండదారుల్లో పదే పదే దెబ్బతిన్న ఆ బండి చివరకు చిలీలో ఆగిపోయింది. భారతదేశంలో సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకొన్న 350 సీసీ బుల్లెట్‌ను తయారు చేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1961లో మైసూరు నుంచి జావా, ఆ మరుసటి ఏడాది రాజ్‌దూత్ వచ్చాయి. జావా, రాజ్‌దూత్‌లవి టూ స్ట్రోక్ ఇంజన్లు, అనగా పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయవలసినవి. కనుమ దిగేటప్పుడు యాక్సిలరేటరు మూసి ఉంచితే పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గి పిస్టను పట్టేసే ప్రమాదం ఉండేది, ఇంజను బండిని నిలవరించే బలమూ తక్కువే. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 వంటి ఫోర్ స్ట్రోక్ బండ్లు తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచి, పల్లెటూరి సంసారాన్ని సైకిలు నుంచి మోటార్‌సైకిలుకు మార్చాయి.

ఆ దశాబ్దపు చివర వచ్చిన చట్టం వెనక సీటును కూడా పట్టించుకుంది. 1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను నడిపేవారు కాక ఒక్కరినే, గట్టిగా బిగించిన సీటు మీదనే ఎక్కించుకోవాలని చెప్పింది. 129వ సెక్షను హెల్మెట్‌ను విధించింది. 1989 కేంద్ర నిబంధనలలోని 123వది పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆధారం, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ తప్పనిసరి చేసింది. చీర కట్టుకొని ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చునే కోట్లాది స్త్రీల భద్రతను గుర్తించిన ఈ నియమం భారత వాహన చరిత్రలో తగినంత ప్రశంస పొందలేదు. అయినా కొండ మలుపుల్లో చెరో పక్కకు కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం; బండి వాలిన వైపుకే వెనకవారి దేహమూ వాలితే మలుపు సాఫీగా తిరుగుతుంది, ఎదురు వాలితే బండి దారి తప్పుతుంది.

ఇంత చరిత్ర వెనక ఉన్న యాత్రను చాట్రాయి నుంచి ప్రణాళిక వేసుకొనేవారు ముందుగా తగ్గించుకోవలసినది రోజువారీ దూరాన్ని. సత్తుపల్లి, పాల్వంచ, భద్రాచలం మీదుగా చింతూరు చేరి, ఘాట్ రోడ్డున మారేడుమిల్లికి వచ్చి, రంపచోడవరం, గోకవరం, రాజమహేంద్రవరం, జంగారెడ్డిగూడెం, చింతలపూడి మీదుగా ఇల్లు చేరే వలయం నాలుగు రోజులకు సరిపోతుంది. మైదానంలో గంటకు సాగే దూరంలో సగం కూడా కనుమలో సాగదు. గంటకొకసారి ఆగకపోతే ముందుగా అలసేది నడిపేవారు కాదు, చేతికి పని లేక కుదుపులను మాత్రమే భరించే వెనకవారు. ఇద్దరి బరువుకు తగినట్టు వెనక టైరులో గాలి పెంచడం, ఎక్కిన గేరులోనే దిగడం, పెట్రోలు మైదానంలోనే నింపుకోవడం, చీకటి పడక ముందే బస చేరడం ఇక్కడ తప్పని జాగ్రత్తలు. శరత్తు తుపానుల కాలం కూడా: 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ విశాఖ నగరాన్నే కాక అరకు కాఫీ తోటల నీడచెట్లను కూడా కూల్చింది. వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం వారం వాయిదా వేయడమే సరి. కార్తీకం ముగిసే వరకు వలిసె పూల పసుపు అరకు వాలుల మీద ఉంటుంది.

మరో మూడు రోజులు చేతిలో ఉన్నవారు రంపచోడవరం నుంచి ఇంటి దారి పట్టక, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, చింతపల్లి మీదుగా సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి, అక్కడి నుంచి పాడేరు, అరకులకు వెళ్లవచ్చు. ఈ ప్రాంతాన్ని కలుపుతూ ఇప్పుడు 516ఈ జాతీయ రహదారి ఉంది. 1922 ఆగస్టులో మూడు రోజులు వరుసగా దాడులు జరిగిన ఊళ్లన్నీ దాని మీదనో దాని చేరువలోనో ఉన్నాయి. సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ దారిన వెళ్లే ఇద్దరూ అక్కడ ఒక పూట ఆగేటట్టు ప్రయాణం కుదుర్చుకోవాలి, వీలైతే ఆ ఊరి పెద్దలను అడిగి బాట పనికి వెళ్లిన తాతల మాటలు రాసుకొని రావాలి.