సేతువు లేని దండయాత్ర

1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దల నోట విన్నదే. అంతకు రెండు వారాల ముందే, మార్చి 23న, అండమాన్ దీవులు జపాను వశమైనాయి. వాటిని తిరిగి గెలవడానికి మిత్రరాజ్యాలు వేసిన పథకం గురించి మాత్రం మనలో ప్రస్తావన అరుదు. మైలవరం మామిడితోటల నడుమ కూర్చొని సముద్రయుద్ధాలు వ్రాయడమేమిటని నవ్వకండి. శత్రువు కాచుకొని ఉన్న దీవిపై సేనను దింపడమనే సమస్య యుద్ధకాండ చదివినవారికి క్రొత్త కాదు.

మొదట హనుమంతుని పని జరిగింది. పూర్వం ఆ దీవులలోనే పోలీసు అధికారిగా పనిచేసిన మెకార్తీ, 1943 జనవరిలో చిన్న బృందంతో డచ్చివారి జలాంతర్గామిలో సింహళం నుండి వచ్చి మధ్య అండమాన్ పడమటి తీరాన దిగాడు. వారాల తరబడి అడవిలో దాగి వివరాలు సేకరించాడు.

ఆ నవంబరులో కైరో సమావేశం. బంగాళాఖాతంలో దండయాత్ర జరిపిస్తానని రూజ్వెల్టు చైనా నేత చియాంగ్ కై షేక్‌కు మాట ఇచ్చాడు. పథకానికి పెట్టిన పేరు బుకనీర్, అనగా ఓడదొంగ! (పేరు పెట్టినవారి రసజ్ఞతకు జోహారు.) ఆగ్నేయాసియా సేనాధిపతి మౌంట్‌బాటన్ 50,000 మంది కావాలన్నాడు. దీవులలో ఉన్న జపాను సైనికులు సుమారు 5,000. ఒకరికి పదిమందా అని చర్చిల్ మండిపడ్డాడు.

చర్చిల్ కోపం సబబు కాదని నా అభిప్రాయం. సరిగ్గా ఆ రోజులలోనే, నవంబరు 20 నుండి 23 వరకు, పసిఫిక్‌లోని తరావాపై అమెరికన్లు దిగారు. కాపున్న జపానువారు అయిదువేలకు లోపే. పగడపు దిబ్బలపై నీరు చాలక పడవలు నిలిచిపోగా, సైనికులు తుపాకిగుండ్లకు ఎదురుగా వందల గజాలు నీళ్ళలో నడవవలసి వచ్చింది. మూడు రోజులలో వెయ్యిమందికి పైగా మరణించారు. పైగా ఆ 50,000 అందరూ తుపాకి పట్టేవారు కారు. తిండి, మందుగుండు మోసేవారు, గాయపడినవారిని చూసేవారు, దారులు వేసేవారు అందరూ ఆ లెక్కలోనివారే.

చివరికి కొరవడినది మనుషులు కాదు, పడవలు. ట్యాంకులను నేరుగా ఒడ్డున దింపగల ఓడలు లోకమంతటికీ చాలినన్ని లేవు. ఐరోపా దండయాత్రకు అవే కావలసి వచ్చాయి. జర్మనీ ఓడిన పిదప తానూ జపానుపై దిగుతానని టెహరానులో స్టాలిన్ చెప్పడంతో చైనా అక్కర కూడా తగ్గింది. డిసెంబరు 5న రూజ్వెల్టు పథకాన్ని విరమించాడు. వాల్మీకి చెప్పిన నలుడు అయిదు రోజులలో నూరు యోజనాల వారధి కట్టాడు. మౌంట్‌బాటన్ చేతి నుండి ఉన్న పడవలే పోయాయి.

ద్వీపవాసులకు ఈ సంగతులేవీ తెలియవు. డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్‌లో నేతాజీ పతాకం ఎగురవేశాడు. సరిగ్గా నెలకు, 1944 జనవరి 30న, గూఢచారులన్న నెపంతో జపానువారు హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చి చంపారు. దండయాత్ర జరిగినా ఆ ప్రాణాలు దక్కేవి కావేమో. అది వసంతానికి గాని సిద్ధమయ్యేది కాదు. తరువాతి ఆకలిచావుల మాట వేరు. 1945 ఆగస్టులో తిండికి భారమని వందలమందిని ఓడలలో తీసుకొనిపోయి హేవ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి త్రోసిన ఘోరం మాట వేరు. ఒడ్డు చేరినవారిలోనూ మిగిలినవారు అతికొద్దిమంది.

1945 అక్టోబరు 9న పోర్ట్‌బ్లెయిర్ మైదానంలో జపాను సేన లొంగిపోయింది. దానిని స్వీకరించడానికి వచ్చినది ఒక్క భారత బ్రిగేడు. తుపాకి పేలలేదు.