ఫాంటసీ క్రికెట్: గోదావరికి రెండు ఒడ్లు, రెండు చట్టాలు

ఫాంటసీ క్రికెట్ అంటే జరగబోయే మ్యాచ్‌ ఆటగాళ్లలో 11 మందిని ఎంచుకుని, రుసుము కట్టి ఫోన్‌లో ఆడే పోటీ. ఆ ఆటగాళ్లు మైదానంలో చేసే పరుగులు, తీసే వికెట్లే పాయింట్లు. రుసుముల్లో కంపెనీ తన వాటా తీసుకున్నాకే మిగతాది బహుమతులుగా పంచుతుంది. అందుకే ఆడినవారందరినీ కలిపి లెక్క వేస్తే మిగిలేది నష్టమే.

సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. 2017లో తెలంగాణ ప్రభుత్వం నైపుణ్యం ఆటలకున్న మినహాయింపు తీసేసి, డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఇవతలి ఒడ్డున అవి సాగాయి. డ్రీమ్11 నైపుణ్యపు ఆటే, జూదం కాదని 2019లో బాంబే హైకోర్టు తేల్చింది. 2023లో ఆ కంపెనీ పేరు భారత జట్టు జెర్సీ మీదికీ ఎక్కింది.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ తేడాను చెరిపేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బాట నిషిద్ధమే. నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు. డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపి, జెర్సీ నుంచి తప్పుకుంది.

ఇప్పుడు గెలిస్తే డబ్బులిస్తామంటూ రుసుము అడిగే ఫాంటసీ యాప్ ఏ ఒడ్డునైనా చట్టవిరుద్ధమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.