లెక్క ఒప్పగించే వయసు

మంచిచెడ్డలు తెలిసి, తాను చేసినదానికి దేవుని ఎదుట తానే లెక్క ఒప్పగించవలసిన దశకు బిడ్డ ఎప్పుడు చేరుతుంది? క్రైస్తవ సంఘాల్లో దీన్ని జవాబుదారీ వయసు అనీ, వివేకం వచ్చే వయసు అనీ అంటారు. అది ఇన్నేళ్లని బైబిల్లో ఎక్కడా లేదు. తర్వాతి శతాబ్దాల్లో ఈ ప్రశ్నను ముందుకు తోసింది ఎక్కువగా పసిబిడ్డల మరణమే. బాప్తిస్మం పొందకుండానే కన్నుమూసిన బిడ్డ సంగతేమిటని తల్లిదండ్రులు అడిగిన ప్రతి కాలంలోనూ సంఘం జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

కనానులోకి వెళ్లడానికి జంకిన ఇశ్రాయేలీయుల మీద పడిన తీర్పును బైబిలు రెండు చోట్ల చెబుతుంది. సంఖ్యాకాండంలో గీత 20 ఏళ్ల దగ్గర పడింది; ఆ పైబడినవారు అరణ్యంలోనే రాలిపోవాలి. ద్వితీయోపదేశకాండంలో అంకె లేదు, మంచిచెడ్డలు ఎరుగని పిల్లలు ఆ దేశంలో అడుగుపెడతారని మాత్రమే ఉంది. ఏళ్ల లెక్కా, ఎరుక లెక్కా అన్న తర్వాతి వాదపు రెండు కొసలూ ఇక్కడే కనిపిస్తాయి. యూదుల ధర్మగ్రంథం మిష్నా మాత్రం ఆజ్ఞలను పాటించవలసిన వయసు 13 అని తేల్చి చెప్పింది.

క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజి రచయిత తెర్తుల్లియన్, చిన్నపిల్లల బాప్తిస్మానికి తొందరపడవద్దని, క్రీస్తును తెలుసుకోగలిగే వయసు రానివ్వాలని వాదించాడు. అదే నగరంలో అర్ధ శతాబ్దం తిరిగేసరికి గాలి మారింది. 253 ప్రాంతంలో బిషప్ సిప్రియన్ నడిపిన సభ, పుట్టిన బిడ్డకు ఎనిమిదో రోజుదాకా ఆగడం కూడా అక్కర్లేదని నిర్ణయించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో ప్రసంగించిన నజియాంజు గ్రెగరీది మధ్యేమార్గం: ప్రాణాపాయం ఉంటే వెంటనే ఇవ్వాలి, లేకుంటే మూడేళ్లు రానిచ్చి ఇవ్వవచ్చు.

పాశ్చాత్య సంఘంలో ఈ వాదాన్ని శతాబ్దాలపాటు ఒక దారిన నడిపినవాడు బిషప్ అగస్టీను. తన ఆత్మకథలో ఆయన, ఇంకా మాటలు రాని పసివాడు పాలు తాగుతున్న మరో బిడ్డను చూసి అసూయతో పాలిపోవడం తాను గమనించానంటాడు. ఆదాము పాపం పుట్టుకతోనే అంటుకుంటుందని, బాప్తిస్మం లేకుండా పోయిన శిశువుకు శిక్ష తప్పదని, అయితే అది అన్ని శిక్షల్లోకీ తేలికైనదని ఆయన బోధ. పుట్టుకతో పాపం అంటదన్న పెలాగియస్‌తో జరిగిన వాదంలో, 418లో కార్తేజి సభ ఈ పక్షాన్నే నిలిచింది. పిల్లలు స్వయంగా ఏ పాపమూ చేయలేదని అగస్టీను కూడా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలును, ఆ శిక్షను పక్కపక్కన పెట్టి చదివితే ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది.

మధ్యయుగపు పండితులు ఆ కాఠిన్యాన్ని లింబో అనే ఊహతో సడలించారు. దేవుని దర్శనం లేకపోయినా బాధలేని చోటు అది. అక్కడి పిల్లలు తమ సహజ స్థితికి తగిన ఆనందంతో ఉంటారన్నాడు 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్. బుద్ధి వికసించిన బిడ్డ మొట్టమొదట తన గురించే ఆలోచించుకోవలసి వస్తుందని, తన బతుకు ఎటువైపు తిరగాలో అప్పుడే తేల్చుకోవాలని కూడా ఆయన రాశాడు. జవాబుదారీని ఏళ్లతో కాక ఆ తొలి ఆలోచనతో ముడిపెట్టడం ఈ చరిత్రలోకెల్లా లోతైన మాట. లింబోను కథోలిక సంఘం ఏనాడూ విశ్వాస సూత్రం చేయలేదు. బాప్తిస్మం లేకుండా మరణించిన పిల్లల రక్షణ కోసం ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో కథోలికుల అంతర్జాతీయ వేదాంత సంఘం చెప్పింది.

కథోలిక సంఘంలో వివేకం వచ్చే వయసుగా స్థిరపడిన ఏడేళ్లన్న అంకె రోమన్ చట్టం నుంచి వచ్చింది. ఆలోపు వారిని ఆ చట్టం శిశువులుగానే చూసేది. 1215లో నాలుగో లాటరన్ సభ, వివేకం వచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికొకసారి పాపసంకీర్తనం చేసి, ఈస్టరుకు దివ్యసత్ప్రసాదం స్వీకరించాలంది గాని ఆ వయసెంతో చెప్పలేదు. అందువల్ల కొన్ని చోట్ల పిల్లలను 10, 12, 14 ఏళ్లదాకా ఆపేశారు. 1910లో పదో పయస్ పోపు ఆ ఆలస్యాన్ని తప్పుబట్టి, సుమారు ఏడేళ్లు చాలన్నాడు. మామూలు రొట్టెకూ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే సరిపోతుందన్నాడు. 1983 నాటి కథోలిక ధర్మశాస్త్రం ప్రకారం, ఏడేళ్లు నిండిన బిడ్డకు వివేకం ఉన్నట్టే భావించాలి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం పసికందుకే బాప్తిస్మం, అభిషేకం, ప్రభు భోజనం మూడూ ఇస్తాయి.

1525 జనవరిలో జూరిచ్‌లో కొందరు, శైశవంలో పొందినదాన్ని లెక్కచేయక, పెద్దయ్యాక విశ్వసించి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. అందుకే వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంట్స్‌ను 1527లో నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఇటు ప్రొటెస్టెంట్లలో కాల్విన్ సంప్రదాయానికి చెందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన, శైశవంలో చనిపోయినవారిలో దేవుడు ఎన్నుకున్నవారు రక్షణ పొందుతారంది. మిగతావారి మాటేమిటన్న దిగులు తల్లిదండ్రులకు చాలాకాలం మిగిలింది. 1903లో అమెరికా ప్రెస్బిటేరియన్లు, శైశవంలో మరణించిన వారంతా రక్షణ పొందుతారని స్పష్టం చేశారు. జోసెఫ్ స్మిత్ స్థాపించిన మోర్మన్ సంఘం 1831 నుంచి ఎనిమిదేళ్లను నిర్దిష్టంగా పాటిస్తోంది.

తెలుగునాట ఈ దారులన్నీ పక్కపక్కనే సాగుతున్నాయి. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ సంప్రదాయంలో శిశువుకు బాప్తిస్మమిచ్చి, ఎదిగాక ఆ విశ్వాసాన్ని సొంతంగా ఒప్పుకునే కన్ఫర్మేషన్ చేస్తారు. బాప్టిస్టులు పసివాళ్లను ప్రార్థనతో ప్రతిష్ఠించి, ముంపు బాప్తిస్మాన్ని విశ్వసించే రోజుకు ఉంచుతారు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది తీసుకున్నది అలాంటి బాప్తిస్మమే. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం శిశు బాప్తిస్మాన్నీ, విశ్వసించాక తీసుకునేదాన్నీ రెంటినీ అంగీకరించింది. బాప్టిస్టు సంఘాల్లో ఫలానా వయసన్న నియమం లేదు. బాప్తిస్మం కోరే పిల్లలు తమ విశ్వాసాన్ని సొంత నోటితో చెప్పాలి; అది విని ఒప్పుకోవడమో, ఇంకొంత కాలం ఆగమనడమో సంఘానిదే.